మోటారు సైకిలు ఆసనం – పొట్టి చోదకుల కష్టసుఖాలు

నేటి నగర జీవితంలో ద్విచక్ర వాహనం విలాస వస్తువు కాదు. ఉద్యోగానికీ, విద్యకూ, వైద్యానికీ దానినే ఆధారం చేసుకొన్న కుటుంబాలు మన హైదరాబాదులో లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. నాటి నుండి రాళ్ళగుట్టలతో నిండిన ఆ పడమటి ప్రాంతం క్రమక్రమంగా హైటెక్ సిటీగా, సైబరాబాదుగా రూపొందినది. మన కళాశాలలో చదివి పట్టం పుచ్చుకొన్నవారిలో అనేకులు నేడు ప్రతి ఉదయం మెహిదీపట్నం, టోలీచౌకి, షేక్‌పేటల మీదుగా రాయదుర్గం వైపు వాహనాలపై సాగిపోతున్నారు. 2022 జనవరి 1న షేక్‌పేట వంతెన ప్రారంభమైన పిదప ఆ ప్రయాణం కొంత సుగమమైనది. కాని బయోడైవర్సిటీ కూడలి వద్దనూ, మైండ్‌స్పేస్ కూడలి వద్దనూ సాయంకాలం వేళ నిలిచి నిలిచి కదిలే వాహనాల బారులు మాత్రం ఉండనే ఉన్నవి.

ఈ నిలిచి కదిలే ప్రయాణమే ఈ వ్యాసానికి కారణం. మోటారు సైకిలు పరుగెత్తుతున్నంత సేపు నడిపేవారి ఎత్తుతో దానికి పెద్దగా పని లేదు. అది నిలిచిన క్షణంలోనే, కాలు నేలకు అందుతుందా లేదా అన్న ప్రశ్న ఉదయిస్తుంది. అందని వారికి ప్రతి ఎర్రదీపమూ ఒక పరీక్షయే.

తెలుగులో గుర్రపు ఆసనాన్ని 'జీను' అంటాము. ఈ మాట పారశీకం నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చి స్థిరపడినది. రికాబు, లగాము అన్న మాటల చరిత్ర కూడ అట్టిదే. పూర్వపు రౌతు తన కాలి పొడవును బట్టి రికాబు తోలుపట్టీని పొట్టిగానో పొడవుగానో బిగించుకొని సుఖంగా స్వారి చేసేవాడు. అతడెంత పొట్టివాడైనా చిక్కు లేదు. ఏమంటే గుర్రం తన కాళ్ళపై తానే నిలబడుతుంది. మోటారు సైకిలుకు ఆ భాగ్యం లేదు. అది నిలబడవలెనంటే రౌతు కాళ్ళే దానికి కాళ్ళు కావలెను.

మా ఇంటి అనుభవం

మా తండ్రిగారు 2022లో ఒక 350 సీసీ మోటారు సైకిలు కొన్నారు. ఆయన కాలం చేసిన పిమ్మట ఆ బండి ఇంటి ముందు దుమ్ము పట్టి నిలిచిపోయినది. అమ్మివేయుదమని పెద్దలన్నారు. రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో పని చేయుచున్న మా చెల్లెలు మాత్రం, "నాన్నగారి బండి నేను నడుపుతాను" అన్నది. ఆమె ఎత్తు 152 సెం.మీ. బండి ఆసనం నేల నుండి 80 సెం.మీ.కు పైన ఉన్నది. బరువు 195 కిలోలు. ఆమెకు నడపడం తెలియక కాదు. గేర్లున్న బండిపై లైసెన్సు కూడ సంపాదించినది. కాని మొదటి వారంలోనే ఒక వంతెన ఎక్కే చోట, వానకు తడిసిన ఏటవాలు దారిపై ముందున్న కారు హఠాత్తుగా ఆగగా, ఈమె కాలు దించిన చోట చిన్న గుంట ఉండడంతో బండి పక్కకు ఒరిగి పడిపోయినది. దైవకృప వలన మోకాలి గాయంతో పోయినది. వెనుక వస్తున్నది బస్సు కావడం తలచుకొన్నప్పుడల్లా నా మనస్సు నేటికీ కంపిస్తుంది.

ఆ రాత్రి ఇంట్లో రెండు మాటలు వినవచ్చినవి. "ఆడపిల్లకు అంత బండి ఎందుకు?" అన్నది ఒకటి. "బండిని పిల్లకు తగినట్లు చేయలేమా?" అన్నది రెండవది. భౌతికశాస్త్రం చదువుకొన్నవాణ్ణి కనుక నేను రెండవ మాటను పట్టుకొన్నాను. దాని వెంట వెళ్ళి నేర్చుకొన్న విషయాలను, చేసిన పొరపాటుతో సహా, మన విద్యార్థినీ విద్యార్థుల ఉపయోగార్థం ఇక్కడ వివరిస్తున్నాను.

ఎత్తులు ఎట్లున్నవి?

మన దేశంలో వయోజనుల సగటు ఎత్తు పురుషులలో సుమారు 165 సెం.మీ., స్త్రీలలో సుమారు 152 సెం.మీ. అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తెలిపినవి. సగటు అనగా అంతకంటె పొట్టివారు కూడ ఎందరో ఉన్నారన్నమాట. కాబట్టి పొట్టితనం లోపం కాదు. అది మన జనసామాన్యపు కొలత.

ఇక వాహనాలను చూడుడు. హోండా యాక్టివా ఆసనం సుమారు 765 మి.మీ. ఎత్తున ఉంటుంది. హీరో స్ప్లెండర్ ప్లస్ 785 మి.మీ. రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ బండ్లలో మీటియర్ 350 ఆసనం 765, హంటర్ 350 ఆసనం 790, 2021లో వచ్చిన క్లాసిక్ 350 ఆసనం 805 మి.మీ. ఎత్తు. కొండదారుల కోసం చేసిన హిమాలయన్ 450కి రెండు స్థానాలలో అమర్చుకొనే ఆసనం ఉన్నది: 825 లేక 845 మి.మీ. బజాజ్ అవెంజర్ 220 ఆసనం 737 మి.మీ. మాత్రమే. అంటే సంతలో ఎత్తుల తేడా 10 సెం.మీ.కు మించి ఉన్నది. కొత్తగా కొనువారు రంగునూ వేగాన్నీ చూచుటకు ముందు ఈ అంకెను చూచుట ఉత్తమం.

నేల అందడమంటే ఏమిటి?

పత్రికలలో ముద్రించే ఆసనపు ఎత్తు సాధారణంగా ఎవరూ కూర్చోనప్పటిది. మనిషి కూర్చోగానే స్ప్రింగులు అణగి బండి కొంత దిగుతుంది. మెత్త కూడ కొంత నొక్కుకొంటుంది. ఈ రెండూ కలిసి రెండు మూడు సెంటీమీటర్లు మనకు అనుకూలంగా వస్తవి.

దీనికి విరుద్ధంగా మరొకటి పని చేస్తుంది. అది ఆసనపు వెడల్పు. కాళ్ళు ఆసనం నుండి తిన్నగా కిందికి దిగవు. ఇరువైపులా తొడలు విచ్చుకొని ఏటవాలుగా దిగుతవి. ఇక్కడ పైథాగరస్ సిద్ధాంతం చక్కగా వర్తిస్తుంది. బూటుతో కలిపి కాలి లోపలి పొడవు 72 సెం.మీ. అనుకొందాము. పాదం పక్కకు 20 సెం.మీ. జరిగి నేలను తాకవలసి వస్తే, ఆ కాలు నిలువుగా అందుకొనే లోతు 69 సెం.మీ. మాత్రమే. ఆసనం ముందు భాగాన్ని సన్నబరచి ఆ 20ని 12 చేస్తే, లోతు 71 సెం.మీ. అవుతుంది. అనగా ఎత్తును వెంట్రుక వాసి కూడ తగ్గించకుండానే దాదాపు 2 సెం.మీ. లాభం! వెడల్పాటి తక్కువ ఆసనం కంటె సన్నటి ఎత్తు ఆసనమే కొందరికి సులభంగా తోచుటకు కారణమిదే.

రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనవలెనన్నది ఒక అపోహ. రెండు పాదాల ముందు భాగాలు, అనగా వేళ్ళ కింది గట్టి మెత్త, నేలకు ఆనినా చాలు. లేదా కొంచెం జరిగి కూర్చొని ఒక పాదం పూర్తిగా ఆనినా చాలు. వేళ్ళ కొసలు మాత్రమే తాకుట ప్రమాదం. ఏమంటే కొసలకు పట్టు తక్కువ. తడి, ఇసుక, గుంట, ఈ మూడింటిలో ఏది తగిలినా బండి ఒరుగుతుంది. ఒరిగిన బండిని ఆపుటకు కావలసిన బలం ఒరిగిన కోణంతో పాటు పెరుగుతుంది. 5 డిగ్రీలు ఒరిగినప్పటి కంటె 15 డిగ్రీలు ఒరిగినప్పుడు దాదాపు మూడు రెట్ల బలం కావలెను. కాబట్టి పొట్టివారు బండిని బలంతో కాక నిలువుతనంతో ఆపవలెను. ఒరగనీయకుండుటే అసలు విద్య.

ముందు కొలత

దర్జీ కొలత తీయనిదే షేర్వాణీకి కత్తెర వేయడు. ఇక్కడ కూడ కొలతయే మొదటి మెట్టు. రోజూ తొడిగే బూట్లతో గోడకు ఆనుకొని నిలబడి, ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైకి నెట్టి, దాని పై అంచు నుండి నేలకు కొలిస్తే కాలి లోపలి పొడవు తెలుస్తుంది. మా చెల్లెలికి అది 73 సెం.మీ. వచ్చినది. తరువాత బండిని సమతలమైన నేలపై, స్టాండు తీసి, ఇద్దరు మనుషులు పట్టుకొనగా ఆమె నిటారుగా కూర్చున్నది. మడమల కిందనున్న ఖాళీని స్కేలుతో కొలిచి వ్రాసుకొన్నాము. మనకు కావలసినది ఎంతో తెలియక పోతే ఎంత తీసివేయవలెనో తెలియదు. మా లెక్క ప్రకారం మాకు కావలసినది 5 సెం.మీ. ఆ అయిదూ ఒకే చోట దొరకవలెనని లేదు. నాలుగు చోట్ల ఒక్కొక్కటిగా దొరికినా చాలు. ఈ సంగతి మాకు మొదట తోచలేదు. అందుకే పొరపాటు చేసితిమి.

మా పొరపాటు

ఒక మెకానిక్కు సలహాపై వెనుక చక్రపు షాక్ అబ్జార్బర్లను తీసివేసి, అంతకంటె పొట్టివాటిని వేయించాము. ఒక్క పూటలో ఆసనం దిగినది. చెల్లెలి పాదాలు నేలకు ఆనినవి. ఇంటిల్లిపాదీ సంతోషించాము. మరునాడు కార్యాలయపు సెల్లారులో ఆమె బండిని పక్క స్టాండుపై నిలిపి పైకి వెళ్ళినది. పక్క బండిని తీస్తూ ఎవరో కొంచెం తగిలించగా మా బండి రెండవ వైపుకు పడిపోయినది. అక్కడే నిలబడి ఉన్న ఒక కాపలాదారు కాలు వెంట్రుకవాసిలో తప్పినది.

కారణం వెతుకగా తెలిసినది. బండి దిగినది గాని పక్క స్టాండు పొడవు దిగలేదు. అందుచేత బండి ఒరిగి నిలువవలసినంత ఒరగక, దాదాపు నిటారుగా నిలబడినది. అంతేకాదు. వెనుక భాగం మాత్రమే దిగడంతో బండి ముక్కు పైకెత్తినట్లయినది. దీపపు వెలుగు దారిపై పడుటకు బదులు ఎదుటి వారి కళ్ళలో పడినది. హ్యాండిలు మలుపులలో బరువుగా తిరిగినది. వేగ నిరోధకాల మీద బండి అడుగు భాగం రాసుకొన్నది. స్ప్రింగు ప్రయాణించే దూరం తగ్గుటచే ప్రతి గుంటా నడుముకు తెలిసినది. అయిదు సెంటీమీటర్లూ ఒకే చోట రాబట్టబోయి అయిదు కొత్త చిక్కులను కొని తెచ్చుకొంటిమి. రెండవ నాడే పాత షాకులను తిరిగి వేయించాము.

చట్టం సంగతి కూడ ఇక్కడ చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు నిర్మాత మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్లు యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణ చట్టం అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానాకు, జైలు శిక్షకు కూడ అవకాశం కల్పించినది. కాబట్టి చట్రాన్ని కోయించడం, అతికించడం వంటి సాహసాలకు ఎంత మాత్రం దిగరాదు. స్ప్రింగుల మార్పు తప్పనిసరి అనుకొంటే, తయారీ సంస్థ తానే ఆ బండి కోసం అమ్మే భాగాలను, దాని సేవాకేంద్రంలో, ముందూ వెనుకా సమంగా, స్టాండుతో సహా మార్పించుకొనవలెను.

ఖర్చు లేని ఉపాయాలు

మొదటిది బూటు. అడుగున 2 సెం.మీ. మందంగా, వంగని అట్టతో, జారని రబ్బరుతో ఉన్న బూటు తొడిగితే అంత ఎత్తు మనకు కలిసి వచ్చినట్లే. చెప్పులకూ బూటుకూ మధ్య తేడాను మా చెల్లెలు ఒక్క పూటలో గ్రహించినది. మడమ మాత్రమే ఎత్తుగా ఉన్న చెప్పులు ఇందుకు పనికిరావు. అవి ఫుట్‌రెస్టుకు తగులుకొని కాలిని సమయానికి దిగనీయవు.

రెండవది స్ప్రింగు బిగువు. వెనుక షాకుల అడుగున మెట్లు మెట్లుగా తిరిగే ఒక వలయం ఉంటుంది. బండితో వచ్చే కొక్కెపు స్పానరుతో దానిని వదులు చేస్తే, కూర్చున్నప్పుడు బండి కొంచెం ఎక్కువగా అణుగుతుంది. ఒంటరిగా వెళ్ళే తేలికపాటి చోదకులకు ఇది చక్కని సవరణ. ఐతే వెనుక మరొకరు కూర్చున్నప్పుడు తిరిగి బిగించుట మరువరాదు. రెండు షాకులూ ఒకే మెట్టుపై ఉండవలెను.

మూడవది మీటలు. చేతులు చిన్నవైన వారికి క్లచ్చి, బ్రేకు మీటలు దూరమై, కాలు దించే తొందరలో పట్టు తప్పుతుంది. క్లచ్చి తీగ వదులును సరిచేయించుకొనవలెను. వీలున్న బండ్లకు దగ్గర దూరాలు సవరించుకొనే మీటలు దొరుకుతవి. గేరు మీట, బ్రేకు పెడలు కూడ పాదానికి తగిన ఎత్తులో అమర్చించుకొనవచ్చును.

మెత్తను చెక్కించుట

మన నగరంలో సీట్లు కుట్టే పనివారికి కొదవ లేదు. రాణీగంజ్ వంటి విడిభాగాల బజార్లలోనే కాక దాదాపు ప్రతి పేటలోనూ రెగ్జిన్, ఫోము పెట్టుకొని కూర్చున్నవారు కనబడుతారు. వీరి చేతిలో నేర్పు ఉన్నది. కాని కొలత మనమే చెప్పవలెను. "కొంచెం తగ్గించండి" అంటే ఎవరి కొంచెం ఎంతో ఎవరికి తెలుసు?

మొదటి నియమం: అసలు సీటును కోయించవద్దు. అదే నమూనా సీటు మరొకటి కొని దానిపై పని చేయించవలెను. పని చెడితే బండి నిలిచిపోదు. బండిని అమ్మే నాడు అసలు సీటు చేతిలో ఉంటుంది.

రెండవ నియమం: ముందు వెడల్పు, తరువాత ఎత్తు. తొడలు రాసుకొనే ముందు అంచులను ఏటవాలుగా చెక్కించిన పిదపనే పై మెత్త జోలికి పోవలెను. పై మెత్తను ఒకేసారి రెండంగుళాలు తీయరాదు. ఒక సెంటీమీటరు తీసి, కవరు పైపైన కప్పి కూర్చొని చూచి, చాలకపోతే మరొక సెంటీమీటరు తీయవలెను. తీసినదానిని తిరిగి పెట్టుట కష్టం.

మూడవ నియమం: తక్కువ మెత్త గట్టి మెత్తగా ఉండవలెను. ఇది వినుటకు వింతగా తోచును. పలుచని మెత్తటి ఫోము మనిషి బరువుకు పూర్తిగా నలిగిపోయి, పిరుదుల లోపలి రెండు ఎముకలు కింది గట్టి పళ్ళెంపై ఆనుతవి. దుకాణంలో అయిదు నిమిషాలు కూర్చున్నప్పుడు పట్టుపరుపు వలె ఉన్నది, అర గంట ప్రయాణంలో రాతిబండ అవుతుంది. పైన పటారం, లోన లొటారం అన్నట్లు. కాబట్టి అడుగున సాంద్రత హెచ్చుగా ఉన్న ఫోము, దానిపై ఒక సెంటీమీటరు మేర మృదువైన పొర ఉంచుట మంచిది. జెల్ పొరలు కూడ బజారులో ఉన్నవి. అవి బరువును సమంగా పంచుతవి గాని ఎండలో నిలిపిన బండిపై వేడిని పట్టి ఉంచుతవి. మన వేసవి ఎండలలో ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

నాల్గవ నియమం: నీరు. కుట్టు రంధ్రాల గుండా వాననీరు ఫోములో చేరితే అది వారం దినాల వరకు ఆరదు. కవరు కింద పలుచని ప్లాస్టిక్ పొర వేయించి, కుట్లు కూర్చునే చోట కాక అంచులలో వచ్చేటట్లు చూడవలెను. కవరు మరీ నునుపైనదైతే బ్రేకు వేసినప్పుడల్లా మనిషి ముందుకు జారును.

ముందూ వెనుకా ఒకే సీటుగా ఉన్న బండ్లకు మరొక జాగ్రత్త అవసరం. ముందు భాగాన్ని లోతు చేయగా మధ్యలో మెట్టు ఏర్పడుతుంది. అది నడుముకు ఆనువుగా ఉంటే మేలే. కాని వెనుక కూర్చున్నవారి సీటు ముందుకు వాలి ఉంటే, బ్రేకు వేసినప్పుడు వారి బరువంతా మన వీపు మీదనే పడుతుంది. చట్టం కోరిన పట్టుకమ్మీ, వెనుక చక్రపు రక్షణ చట్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసివేయరాదు. చీరకొంగు, దుపట్టా, బురఖా అంచు చక్రంలో చిక్కుకొని జరిగే ఘోరాలను ఆపేది ఆ చట్రమే. నడిపేవారు కూడ వాటి అంచులను నడుము వద్ద బిగించి కూర్చొనవలెను.

ఎత్తు ఒకటే కాదు, సుఖం కూడ

ఆసనం దిగినంత మాత్రాన శరీరం సుఖపడునని చెప్పలేము. ఆసనం దిగగా ఫుట్‌రెస్టుకూ దానికీ మధ్య దూరం తగ్గి మోకాళ్ళు ఎక్కువగా ముడుచుకొంటవి. హ్యాండిలు మునుపటి కంటె ఎత్తుగా, దూరంగా తోస్తుంది. పొట్టివారి చేతులు చాచి ఉండుటచే భుజాలు, మణికట్లు నొప్పి పుడుతవి. హ్యాండిలును దాని బిగింపులలోనే కొంచెం చోదకుని వైపు తిప్పి బిగించుకొనుట ఇందుకు విరుగుడు. తిప్పిన పిదప తీగలు ఎక్కడా లాగబడుట లేదని, హ్యాండిలు రెండు వైపులా పూర్తిగా తిరుగుచున్నదని పరీక్షింపవలెను. మోచేతులు కొద్దిగా వంగి, నడుము నిటారుగా, మోకాళ్ళు ట్యాంకుకు తాకి ఉండుట సరియైన భంగిమ. సీటు ముందుకు వాలి ఉంటే కటిభాగం ముందుకు జారి నడుము నొప్పి పుట్టును. కనుక చెక్కించునప్పుడు కూర్చునే చోటు సమతలంగా ఉండేటట్లు చూడవలెను.

నిలిచే విద్య

బండిని ఎంత సవరించినా, నిలుపుట తెలియక పోతే అది నేల విడిచి సాము చేసినట్లే. మన పడమటి హైదరాబాదు గుట్టల మీద కట్టిన నగరం. దారులన్నీ ఎగుడు దిగుళ్ళు. ఆగుటకు ముందే కాలు మోపే చోటును కళ్ళతో వెతుకుకొనవలెను. దారి అంచులు నీరు పోవుటకై ఎడమ వైపుకు వాలి ఉంటవి. కనుక మరీ అంచున ఆగితే ఎడమకాలికి నేల మరింత దూరమవుతుంది. కొంచెం లోపలికి ఆగవలెను.

ఆగునప్పుడు హ్యాండిలు తిన్నగా ఉండవలెను. అది వంగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టితే బండి వంగిన వైపుకే పడును. చివరి అడుగులలో కుడికాలితో వెనుక బ్రేకు తొక్కి, ఒడలిని కొద్దిగా ఎడమకు జరిపి, ఎడమ పాదాన్ని పూర్తిగా మోపవలెను. ఎగుడు దారిలో ఈ పద్ధతి మరీ ఉపయోగకరం. బ్రేకు కుడికాలిలో ఉండుటచే బండి వెనుకకు జారదు. సెల్లారులో బండిని ముక్కు బయటికి ఉండేటట్లు నిలుపుకొనవలెను. పల్లంలోకి ముక్కు పెట్టి నిలిపి, తరువాత కూర్చొని వేళ్ళ కొసలతో వెనుకకు నెట్టబోయి పడినవారు ఎందరో. దిగి, ఎడమ వైపు నిలిచి నెట్టుకొనుట అవమానం కాదు.

ఇవన్నీ సెలవు రోజు ఉదయం ఖాళీ మైదానంలో అభ్యసించవలెను. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న శిరస్త్రాణం, చేతి తొడుగులు లేనిదే అభ్యాసానికి కూడ దిగరాదు. నిలిచిన బండి మీద నుండి పడినా తలకు తగిలేది అదే కఠిన నేల.

ప్రపంచం వైపు ఒక చూపు

ఈ సమస్య మన ఒక్కరిది కాదు. అమెరికాకు చెందిన హార్లే డేవిడ్‌సన్ సంస్థ 2021లో తెచ్చిన పాన్ అమెరికా బండిలో, ఆగునప్పుడు తనంతట తానే దిగి, కదలగానే తిరిగి లేచే స్ప్రింగుల ఏర్పాటును ఒక నమూనాకు అమర్చినది. కె.టి.ఎం. సంస్థ 2023లో మన దేశంలో తన 390 అడ్వెంచర్ బండిని 855కు బదులు 830 మి.మీ. ఆసనంతో ఒక తక్కువ ఎత్తు నమూనాగా విడుదల చేసినది. హిమాలయన్ 450కి ఇంకను 20 మి.మీ. తక్కువైన సీటును తయారీ సంస్థయే విడిగా అమ్మినది. కొనువారు అడిగినందుననే ఇవి వచ్చినవి. అడగనివారికి సగటు కొలత మిగిలిపోవును.

ముగింపు

చివరకు మా అయిదు సెంటీమీటర్లు ఎట్లు వచ్చినవో చెప్పి ముగిస్తాను. బూటు వలన 1, స్ప్రింగు వదులు వలన సుమారు అర, ముందు అంచులను సన్నబరచుట వలన ఒకటిన్నర, మెత్త తగ్గించుట వలన 2. ఏదీ గొప్పది కాదు. అన్నీ కలిసి గొప్పవైనవి. నేడు మా చెల్లెలి రెండు పాదాల ముందు భాగాలూ నేలకు ఆనుతున్నవి. ఎడమకు జరిగితే పాదం పూర్తిగా ఆనుతున్నది. ఆమె ప్రతిదినం షేక్‌పేట వంతెన మీదుగా రాయదుర్గం వెళ్ళి వస్తున్నది. మా తండ్రిగారు కూర్చున్న అసలు సీటు పాత దుప్పటిలో చుట్టబడి మా అటక మీద చెక్కుచెదరక ఉన్నది.

"నీ ఎత్తుకు తగినది ఎంచుకో" అని లోకం పొట్టివారికి చెప్పే హితవులో సగమే నిజమున్నది. తగినది దొరకనప్పుడు ఉన్నదానిని కొలిచి, ఆలోచించి, కొద్ది కొద్దిగా తగినట్లు చేసికొనుట మిగిలిన సగం. ఇందుకు కావలసినవి ఒక టేపు, ఒక పుస్తకం, కొంత ఓపిక. పుస్తకం చదువుటకే కాక కాలు కొలుచుటకు కూడ పనికి వచ్చునని ఈ ప్రయత్నంలో నేను నేర్చుకొంటిని.